ఉమ్మడి గ్రంథానికి కాపలా ఎవరిది?

సమష్టిగా జరిగే ఏ పనిలోనైనా మనుషులు తగ్గిపోతున్నారనే మాట రాగానే మన దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈ రోజుల్లో ఎవరికీ తీరిక లేదు, వెనకటి నిబద్ధత లేదు, అందరికీ స్వార్థం పెరిగింది అంటాం. ఈ జవాబులో ఉన్న సుఖం ఏమిటంటే దీనితో చర్చ ముగిసిపోతుంది. తప్పు మనుషుల గుణంలో ఉందని తేల్చేశాక ఆ పని ఎలా ఏర్పాటయింది, దాన్ని ఎవరికి ఎలా పంచారు, ఏ పనికి గౌరవం దక్కుతున్నది, ఏ పనికి చీవాట్లు దక్కుతున్నాయి అని అడగనక్కరలేదు. వికీపీడియా అనే ఉమ్మడి విజ్ఞానసర్వస్వాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ ప్రశ్నలు అడగడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది సాంకేతిక నిపుణుల వ్యవహారం కదా, సాహిత్య పత్రికలో దీనికి చోటెందుకు అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. గురజాడ మీద వ్యాసం రాయవలసివచ్చిన విద్యార్థి ఇవాళ మొదట తెరిచేది గ్రంథాలయంలోని పుస్తకాన్ని కాదు. తెలంగాణా సాయుధ పోరాటం గురించి గానీ, కారంచేడు గురించి గానీ, ఒక రచయిత్రి ఏ సంవత్సరం పుట్టిందన్న విషయం గానీ తెలుసుకోవాలనుకునేవాడు ముందు చూసేది వికీపీడియానే. అక్కడ ఏ వాక్యం నిలుస్తుంది, ఏ వాక్యం చెరిగిపోతుంది, ఆ నిర్ణయం చేసే చేతులు ఎన్ని అన్నవి సాహిత్య చరిత్రకు సంబంధించిన ప్రశ్నలే.

ముందు ఆ గ్రంథం పుట్టుక సంగతి. 2000లో అమెరికాలో జిమ్మీ వేల్స్ అనే వ్యాపారి, లారీ శాంగర్ అనే తత్వశాస్త్ర పండితుడు న్యూపీడియా అనే విజ్ఞానసర్వస్వాన్ని మొదలుపెట్టారు. అందులో వ్యాసాలు నిపుణులు రాయాలి, అవి ఏడు దశల పరిశీలన దాటి రావాలి. మూడేళ్ళకు పైగా నడిచిన ఆ వ్యవహారంలో అన్ని దశలూ దాటివచ్చినవి పాతిక వ్యాసాలు. దానికి చిత్తుప్రతులు అందించే పక్కవాకిలిగా 2001 జనవరి 15న తెరిచినదే వికీపీడియా. అక్కడ ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినదాన్నైనా మరొకరు దిద్దవచ్చు. ఆ పక్కవాకిలి కాస్తా ఇంటిని మింగేసింది. ఒక్క ఇంగ్లీషులోనే ఇవాళ 70 లక్షల వ్యాసాలున్నాయి. పండితుల అనుమతి అవసరం లేకుండా సాధారణ ప్రజలు కలిసి ఒక మహాగ్రంథాన్ని నిర్మించగలరని ఇది రుజువు చేసింది. ప్రగతిశీల శక్తులు ఈ విషయానికి ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం.

అయితే ఎవరైనా రాయవచ్చు అన్నచోట ఎవరైనా పాడుచెయ్యనూవచ్చు. నచ్చని నాయకుడి పేజీ నిండా బూతులు రాసిపోయేవాడున్నాడు. తన దుకాణానికి ప్రకటన రాసుకునేవాడున్నాడు. వేరొకరి పుస్తకం నుంచి పేజీలకు పేజీలు ఎత్తి పెట్టేవాడున్నాడు. కాబట్టి రాసేవాళ్ళతో పాటు కాపలా కాసేవాళ్ళు కూడా కావలసివచ్చారు. వీళ్ళనే తెలుగు వికీపీడియాలో నిర్వాహకులు అంటున్నారు. పనికిరాని పేజీని తొలగించడం, పొరపాటున తొలగించినదాన్ని తిరిగి తీసుకురావడం, తగవు నడుస్తున్న పేజీకి తాళం వెయ్యడం, అల్లరి మానని వాణ్ణి నిరోధించడం వీళ్ళ చేతిలోని అధికారాలు. వీళ్ళకు జీతం లేదు. వ్యాసంలోని మంచిచెడ్డల మీద వీళ్ళ మాటకు ఇతరుల మాట కంటే ఎక్కువ విలువ ఉండకూడదన్నది నియమం.

ఈ పని స్వభావాన్ని మనం సరిగ్గా అర్థం చేసుకోవాలి. విందుకు వచ్చినవాళ్ళు వంటను మెచ్చుకుంటారు, విస్తళ్ళు ఎత్తినవాళ్ళ పేరు అడగరు. ఇల్లు ఊడ్చినంతసేపూ ఎవరి కంటా పడదు, ఒక్కరోజు ఊడవకపోతే అందరి కంటా పడుతుంది. ఉత్పత్తి చేసే శ్రమకూ, ఉత్పత్తి అయినదాన్ని రోజురోజూ నిలబెట్టే శ్రమకూ మధ్య సమాజం చూపించే ఈ తేడాను గురించి స్త్రీవాదులు ఎప్పటినుంచో చెబుతున్నారు. (మన సభల్లో కూడా ఉపన్యాసకుల పేర్లు కరపత్రంలో అచ్చవుతాయి, కుర్చీలు సర్దినవాళ్ళవి కావు. పత్రిక ప్రూఫులు దిద్దినవాళ్ళ సంగతి సరేసరి.) ఉమ్మడి గ్రంథంలో నిర్వహణ ఈ రెండో జాతి శ్రమ.

ఇప్పుడు అంకెలు చూద్దాం. ఇంగ్లీషు వికీపీడియాలో 2007లో కొత్తగా నిర్వాహకులైనవారు 408 మంది. 2012లో 28 మంది. 2018లో 10 మంది. 2021లో, ఏడాది పొడుగునా కలిపి, ఏడుగురు. 2008 తొలినాళ్ళలో చురుగ్గా పనిచేసే నిర్వాహకులు వెయ్యికి పైగా ఉండేవారు, తర్వాతి కాలంలో ఆ సంఖ్య సగానికి పడిపోయింది. రాసేవాళ్ళు కూడా తగ్గిన మాట నిజమే. నెలకు కనీసం ఐదు మార్పులు చేసేవారు 2007లో 51 వేల మంది ఉంటే 2013 నాటికి 31 వేల మంది మిగిలారు. కానీ ఇక్కడ ఆగి ఆలోచించాలి. రాసేవాళ్ళు తగ్గింది నూటికి 40 వంతులు. కొత్త నిర్వాహకులు తగ్గింది నూటికి 90 వంతులకు పైన. తీరిక లేకపోవడమో, నిబద్ధత లేకపోవడమో కారణమైతే రెండూ దాదాపు ఒకే పాళాన తగ్గాలి. అలా తగ్గలేదు కనుక కారణం మనుషుల గుణంలో కాక మరోచోట ఉన్నది.

ఆ మరోచోటు ఎంపిక పద్ధతిలో ఉంది. 2003 ఫిబ్రవరిలో వేల్స్ నిర్వాహక హోదా గురించి అది పెద్ద విశేషమేమీ కాదని ప్రకటించాడు. తాళంచెవి నమ్మకస్తులందరి దగ్గరా ఉంటుంది, అంతే. తర్వాతి సంవత్సరాలలో అది క్రమంగా పెద్ద విశేషం అయి కూర్చుంది. అభ్యర్థి ఏడు రోజుల పాటు బహిరంగంగా నిలబడాలి. ఎవరు ఏ ప్రశ్న అయినా వెయ్యవచ్చు. నాలుగేళ్ళ కిందట ఎవరితోనో విసుక్కున్న మాట తవ్వి తీస్తారు. అనుకూలం చెప్పేవాడు సంతకం పెడితే చాలు, వ్యతిరేకం చెప్పేవాడు మాత్రం సాక్ష్యాలతో సహా అభ్యర్థి లోపాలను ఏకరువు పెడతాడు. జీతం లేని పని కోసం, అంట్లు తోమే పని కోసం, ఒక మనిషి వారం రోజుల పాటు బోనులో నిలబడాలి!

ఇలా ఎందుకయింది? అక్కడివాళ్ళు దుర్మార్గులు కావడం వల్ల కాదు. ఒకసారి నిర్వాహకుణ్ణి చేశాక అతణ్ణి తీసెయ్యడం దాదాపు అసాధ్యంగా ఉండటం వల్ల. పని మానేసి వెళ్ళిపోతే తప్ప, లేదా మధ్యవర్తుల సంఘం అనే ఉన్నత న్యాయస్థానం లాంటిదాని ముందు నేరం రుజువైతే తప్ప, ఆ పదవి యావజ్జీవం. తిరిగి పిలవడానికి వీలులేని ప్రతినిధిని ఎన్నుకునేటప్పుడు ఎవరైనా జంకుతారు. పదవి శాశ్వతమైన కొద్దీ పరీక్ష కఠినమైంది, పరీక్ష కఠినమైన కొద్దీ వచ్చేవాళ్ళు తగ్గారు, వచ్చేవాళ్ళు తగ్గిన కొద్దీ ఉన్నవాళ్ళ ప్రాముఖ్యం పెరిగింది. ఇంటిపనిగా మొదలైనది అధికారహోదాగా మారిన క్రమం ఇది.

రెండో కారణం యంత్రాలు. మొదట్లో కుర్రవాడెవడైనా బూతులు చెరుపుతూ, పాత పాఠాన్ని తిరిగి పెడుతూ, నలుగురి నమ్మకం సంపాదించి నిర్వాహకుడయ్యేవాడు. 2008 జనవరి నుంచి చెడ్డ మార్పులను ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పే సాధనాన్ని నిర్వాహకులు కాని వాళ్ళకు కూడా ఇచ్చారు. 2010 నుంచి క్లూబాట్ ఎన్‌జీ అనే యంత్రరచయిత ఆ పనిలో పెద్ద భాగాన్ని తానే చేస్తున్నది. పని తేలికైన మాట నిజం, అయితే పని నేర్చుకుంటూ పైకి వచ్చే మెట్లు కూడా దానితో పాటే పోయాయి.

ఆ యంత్రాలు చేసిన మరో పని ఇంకా తీవ్రమైనది. 2013లో ఆరన్ హాఫేకర్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చదవదగినది. అల్లరి మూకను అడ్డుకోవడానికి తయారుచేసుకున్న సాధనాలూ, రోజురోజుకూ బిగిసిపోయిన నియమాలూ సదుద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ళను కూడా తరిమేస్తున్నాయని వారు లెక్కలతో చూపించారు. మొదటిసారి నాలుగు వాక్యాలు రాసిన మనిషికి నిమిషం తిరక్కుండా తన వాక్యాలు మాయమై, పైన ఒక అచ్చుపోసిన హెచ్చరిక కనిపిస్తుంది. ఆ మనిషి మళ్ళీ రాడు. ఇవాళ కొత్తవాడు నిలవకపోతే ఐదేళ్ళ తర్వాత నిర్వాహకుడు ఎక్కడినుంచి వస్తాడు?

అలా నిలవనివాళ్ళు ఎవరన్నది కూడా చూడాలి. 2010 ప్రాంతపు సర్వేలో రాసేవాళ్ళలో స్త్రీలు నూటికి 13 మంది మాత్రమే అని తేలింది. దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. డోనా స్ట్రిక్‌లాండ్ అనే కెనడా భౌతికశాస్త్రవేత్త గురించి 2018లో ఎవరో ఒక వ్యాసం రాసి ఇస్తే, ఆమె ప్రాముఖ్యానికి తగిన ఆధారాలు లేవని ఆ మే నెలలో తిప్పికొట్టారు. అక్టోబరు 2న ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటించిన రోజున పేజీ పుట్టింది. తిప్పికొట్టినవాడు నియమం తప్పాడా అంటే తప్పలేదు. చేతిలో వందల చిత్తుప్రతులుండి, ఒక్కొక్కదానికి ఐదు నిమిషాలు కూడా లేని స్వచ్ఛంద సేవకుడు నియమాన్ని అక్షరాలా పాటించాడు, అంతే. అలాంటప్పుడు నియమం వెనక ఉన్న సమాజపు పక్షపాతం చెక్కుచెదరకుండా గ్రంథంలోకి వచ్చి చేరుతుంది.

ఈ శ్రమ పునాది మీద జరిగే ఆర్థిక వ్యవహారాన్ని కూడా చూడకుండా పోలేం. వికీపీడియాను నడిపించే వికీమీడియా ఫౌండేషన్‌కు 2022-23లో వచ్చిన ఆదాయం సుమారు 18 కోట్ల డాలర్లు. ఎక్కువ భాగం పాఠకుల చందాలే. అక్కడ జీతాలు తీసుకునేవాళ్ళు వందల మంది ఉన్నారు. ప్రకటనలు వేసుకోని ఆ సంస్థను ఇతర కంపెనీలతో ఒకే గాటన కట్టడం అన్యాయం. కానీ దాని చుట్టూ ఉన్న పెద్ద కంపెనీల సంగతి వేరు. అడిగిన ప్రశ్నకు జవాబు పలికే యంత్రాలూ, మనిషిలా వ్యాసాలు రాసిపెట్టే కృత్రిమ మేధలూ ఈ ఉమ్మడి పంట మీద మేసి బలిసినవే. నిర్వాహకులకు జీతాలిస్తే సరిపోతుందని కొందరంటారు. నాకు ఆ సూచన నచ్చదు. జీతమిచ్చేవాడు ఏ పేజీ తొలగించాలో కూడా చెబుతాడు. 2019 జూన్‌లో ఫౌండేషన్ తనంతట తాను ఒక ఇంగ్లీషు నిర్వాహకుణ్ణి ఏడాది పాటు బహిష్కరించినప్పుడు, ఆ వ్యక్తి ప్రవర్తన సంగతి ఎలా ఉన్నా, మమ్మల్ని అడగకుండా నిర్ణయించడానికి మీరెవరని ఇరవై మంది దాకా నిర్వాహకులు తమ హోదా వదులుకున్నారు. జీతగాళ్ళయితే ఆ పని చెయ్యగలిగేవారా?

కాపలాదారులు కొద్దిమందే మిగిలితే ఏమవుతుందన్నదానికి క్రొయేషియా భాషలోని వికీపీడియా భయంకరమైన పాఠం. యుగోస్లావియా ముక్కలైన తర్వాత అక్కడి భాష కూడా రాజకీయంగా ముక్కలైంది. క్రొయేషియన్, సెర్బియన్, బోస్నియన్ వికీపీడియాలు విడివిడిగా వెలిశాయి. చిన్న వికీపీడియాలో నిర్వాహకులు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో మితవాద జాతీయవాదుల ముఠా ఒకటి పాతుకుపోయి, ఎదురు చెప్పినవాళ్ళను నిరోధిస్తూ వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఉస్తాషా ఫాసిస్టు ప్రభుత్వం సెర్బులను, యూదులను, రోమాలను వేలకు వేలుగా చంపిన యాసెనోవాచ్ మృత్యుశిబిరం ఆ పేజీల్లో జనాన్ని పోగుచేసి ఉంచిన శిబిరంగా మారిపోయింది. 2013లో ఆ దేశపు విద్యామంత్రే విద్యార్థులను అది నమ్మవద్దని హెచ్చరించవలసివచ్చింది. 2020-21 నాటికి గానీ ఆ ముఠా అధికారం పోలేదు. 2011 నుంచి 2020 దాకా ఆ గ్రంథం వాళ్ళ గుప్పిట్లో ఉన్నదని 2021లో ఫౌండేషన్ వెలువరించిన నివేదిక ఒప్పుకున్నది. పదేళ్ళంటే ఒక తరం విద్యార్థులు బడి ముగించుకుని వెళ్ళిపోయే కాలం.

ముఠా లేకపోయినా ప్రమాదం తప్పదు. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన స్కాట్స్ భాషలో 2020 ఆగస్టులో ఒక సంగతి బయటపడింది. అక్కడి వికీపీడియాలో ఇరవై వేలకు పైగా వ్యాసాలు రాసి, నిర్వాహకుడు కూడా అయినది స్కాట్స్ రాని ఒక అమెరికా కుర్రవాడు. నిఘంటువు చూసి ఇంగ్లీషు వాక్యంలో మాటలు మార్చి పెట్టాడు. అతనిలో దురుద్దేశం లేదు, పన్నెండేళ్ళ వయసులో ఉత్సాహంతో మొదలుపెట్టాడు. అన్ని సంవత్సరాలు ఆ భాష వచ్చినవాళ్ళు ఎవరూ తలుపు తీసి చూడలేదు.

ఇక ప్రభుత్వాలు. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనిపెట్టడం ప్రభుత్వాలకు బాగా తెలిసిన విద్య. 2013 ఏప్రిల్‌లో ఫ్రెంచి గూఢచారి శాఖ ఒక సైనిక రేడియో కేంద్రం మీద ఉన్న వ్యాసం తీసెయ్యమని అడిగింది. ఏ భాగం రహస్యమో చెప్పమంటే చెప్పలేదు. చివరికి ఫ్రాన్సులో ఉన్న ఒక నిర్వాహకుణ్ణి పిలిపించి, తీస్తావా లోపల వెయ్యమంటావా అని బెదిరించి తీయించింది. వేరే దేశంలో ఉన్న మరో నిర్వాహకుడు దాన్ని తిరిగి పెట్టాడు. ఎవరూ పట్టించుకోని ఆ పేజీని అప్పుడు జనం ఎగబడి చదివారు. ఇది నవ్వు తెప్పించే కథ. అన్నీ ఇలా ముగియవు. అరబిక్ వికీపీడియా నిర్వాహకులు ఒసామా ఖాలిద్, జియాద్ అల్ సోఫియానీలను సౌదీ ప్రభుత్వం 2020లో అరెస్టు చేసింది. ఒకరికి ఐదేళ్ళుగా ఉన్న శిక్షను తర్వాత 32 ఏళ్ళకు పెంచారు, మరొకరికి 8 ఏళ్ళు వేశారు. మన దేశం సంగతికి వస్తే, ఏ.ఎన్.ఐ. వార్తాసంస్థ తన గురించి వికీపీడియాలో ఉన్న రాతల మీద 2024లో పరువునష్టం దావా వేసినప్పుడు, మార్పులు చేసిన ముగ్గురి వివరాలు అందజెయ్యమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఆ దావా మీద రాసిన పేజీని కూడా తీసెయ్యమన్నది. పేజీ తీసెయ్యమన్న ఉత్తర్వును 2025 మేలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇలాంటి పరిస్థితిలో ఒక పేజీ పక్కన బాధ్యుడిగా తన పేరు ఉండటానికి బడిపంతులో, బ్యాంకు గుమాస్తానో వెనకాడితే అది నిబద్ధత లేకపోవడం కాదు.

ఎంపిక పద్ధతి మారిస్తే ఏమవుతుంది? జర్మన్ వికీపీడియాలో 2009 నుంచే తిరిగి పిలిచే హక్కు ఉంది. నిర్ణీత గడువులో నిర్ణీత సంఖ్యలో సంతకాలు పడితే నిర్వాహకుడు మళ్ళీ ఎన్నికకు నిలబడాలి. ఇంగ్లీషువాళ్ళు చాలా కాలం తర్జనభర్జన పడి 2024లో అలాంటి పద్ధతే తెచ్చుకున్నారు. ఆ అక్టోబరులోనే ప్రయోగాత్మకంగా రహస్య ఓటుతో ఎన్నిక పెట్టారు. ఒక్కొక్కరినీ విడిగా బోనెక్కించకుండా అందరినీ ఒకేసారి నిలబెట్టారు. 32 మంది ముందుకు వచ్చారు, 11 మంది నెగ్గారు. మూడేళ్ళ ముందు ఏడాదంతా కలిపి ఏడుగురే దొరికిన చోట ఒక్క ఎన్నికలో 11 మంది. మనుషులు అంతకుముందూ ఉన్నారు, గుమ్మం అడ్డమయింది. అయితే రహస్య ఓటు వల్ల అభ్యర్థిని నిలదీసే అవకాశం తగ్గిందని అక్కడ కొందరంటున్నారు. ఆ విమర్శ తీసిపారెయ్యదగినది కాదు.

తెలుగు విషయం కొంత వేరు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసినది, తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే తెలుగు లిపిలోకి మార్చే పద్మ అనే సాధనాన్ని తయారుచేసిన వెన్న నాగార్జున. మొదటి సంవత్సరాలలో దాన్ని మోసినవాళ్ళలో విదేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు చాలామంది. చర్చలు జరిగే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టారు, మంచి పేరు. వ్యాసాలు ఇప్పుడు లక్ష దాటాయి. నిర్వాహకులు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మందే. ఇక్కడ గుమ్మం ఎత్తు పెద్ద సమస్య కాదు, ఎవరైనా నిలబడతామంటే సంతోషించేవాళ్ళే ఎక్కువ. గుమ్మం దాకా వచ్చేవాళ్ళే కొద్దిమంది. తెలుగు ఆచార్యులు, కథకులు, విమర్శకులు తమ గురించిన పేజీలో తప్పుందని ఫిర్యాదు చెయ్యడానికి వస్తారు గానీ పక్క పేజీలో తప్పు దిద్దడానికి రారు.

కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకుని, 1923లో ఆయన చనిపోయేనాటికి అది తొలి సంపుటాల దగ్గరే ఆగిపోయింది. ఒక మనిషి ఆయుర్దాయం మీద ఆధారపడిన గ్రంథం అలాగే ఆగుతుంది. ఇప్పటి ఉమ్మడి గ్రంథానికి ఆ ఇబ్బంది ఉండకూడదు. కానీ పదిమంది మీదనే ఆధారపడితే తేడా ఎంత? 2009-11 ప్రాంతంలో గూగుల్ సంస్థ డబ్బిచ్చి అనువాదకుల చేత యంత్రం సాయంతో ఇంగ్లీషు వ్యాసాలను తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లోకి దించింది. బెంగాలీవాళ్ళు ఆ భాష మా భాష కాదని ఎదురు తిరిగి అడ్డుకున్నారు. తెలుగులో ఆ కృతక వాక్యాలు వచ్చి కూర్చున్నాయి, వాటిని దిద్దడమా తీసెయ్యడమా అన్న బరువు ఏళ్ళ తరబడి ఇక్కడున్న కొద్దిమంది మీద పడింది.

2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో మరి రెండు కలిసి 33 అయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలుగు వికీపీడియాలో గ్రామాల పేజీలు వేల సంఖ్యలో ఉన్నాయి. ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో గీతలు మార్చింది గానీ, ఏ ఊరు ఏ మండలంలోకి, ఏ జిల్లాలోకి వెళ్ళిందో ఉత్తర్వుల కట్టలు ముందు పెట్టుకుని పేజీ తరవాత పేజీ సరిచూడవలసినవాళ్ళు ఈ కొద్దిమందే. అదే మనుషులు ఆ రోజుల్లోనే బూతులు చెరపాలి, సినిమా అభిమానుల తగవులు తీర్చాలి, కొత్తగా వచ్చిన విద్యార్థికి చిత్తుప్రతి ఎందుకు తిప్పికొట్టామో ఓపికగా చెప్పాలి. వీలైతే, తాము రాయదలుచుకున్న వ్యాసం కూడా రాసుకోవాలి.